బిష్కెక్‌లో రష్యన్ ట్యూషన్: టీచర్ని వెతకడం నుంచి వార్డులో పేషెంటుతో మాట్లాడేదాకా

కిర్గిజ్‌స్తాన్‌లో ఎంబీబీఎస్ చదివే మన పిల్లలకు పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చెబుతారు. 2021 నవంబరులో వచ్చిన ఎన్ఎంసీ (మన జాతీయ వైద్య కమిషన్) నిబంధనలు కూడా అదే అడుగుతున్నాయి: కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లీషు మాధ్యమం, ఆపైన అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్. కాకపోతే వార్డులో మంచం మీదున్న పెద్దావిడకు ఈ నిబంధనలతో పనిలేదు. ఆవిడ తన నొప్పి రష్యన్‌లోనో కిర్గిజ్‌లోనో చెబుతుంది. అది అర్థం కాకపోతే క్లినికల్ సంవత్సరాలు గోడకు ఆనుకుని నిలబడటంతోనే గడిచిపోతాయి. యూనివర్సిటీలోనూ రష్యన్ క్లాసులుంటాయి గానీ, గదినిండా విద్యార్థులున్నప్పుడు ఒక్కొక్కరికీ నోరు తెరిచే వంతు రెండు మూడు నిమిషాలకు మించి రాదు. విడిగా ట్యూషన్ పెట్టుకోవాల్సి వచ్చేది అందుకే.

రాజధాని బిష్కెక్‌లో రష్యన్ నేర్చుకోవడానికి ఒక సౌలభ్యం ఉంది. దేశానికి రాజ్యభాష కిర్గిజ్ అయినా రష్యన్‌కు కూడా అధికార భాష హోదా ఉంది, ఈ నగరంలో అంగళ్ళు, టాక్సీలు, బ్యాంకులు, ఆసుపత్రులు చాలావరకు రష్యన్‌లోనే నడుస్తాయి. ఓష్ నగరంలో చదివేవాళ్ళకు వీధిలో కిర్గిజ్, ఉజ్బెక్ ఎక్కువగా వినబడతాయి. అక్కడివాళ్ళు సెలవుల్లో మూడు నాలుగు వారాలు బిష్కెక్‌లో గది తీసుకుని రోజూ ట్యూషన్‌కు వెళ్తే మంచిది, లేదంటే బిష్కెక్ టీచర్తో ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు.

ఎలాంటి టీచర్

టీచర్ని వెతికేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన మాట "ఎర్-కా-ఈ". విదేశీయులకు రష్యన్ బోధించే శాఖకు అక్కడి పొట్టిపేరు అది. బడిలో రష్యన్ చెప్పే టీచరుకూ ఈ శాఖలో శిక్షణ పొందిన టీచరుకూ చాలా తేడా ఉంటుంది. బడి టీచరు దగ్గరికి వచ్చే పిల్లలు ఇంట్లో ఆ భాష మాట్లాడుతూ పెరిగినవాళ్ళు, వాళ్ళకు ఆవిడ నేర్పేది వర్ణక్రమం, సాహిత్యం. మీకు కావాల్సింది మొదటినుంచీ వాక్యం కట్టడం నేర్పేవాళ్ళు. యూనివర్సిటీల్లో రష్యన్‌ను విదేశీ భాషగా బోధించే విభాగం ఉంటుంది, దాన్ని "కాఫెద్రా" అంటారు. అక్కడికి వెళ్ళి అడగడం అన్నిటికన్నా దగ్గరి దారి. తర్వాత ప్రైవేటు భాషా పాఠశాలలు, ఆ తర్వాత లలాఫో లాంటి ప్రకటనల సైట్లు. ప్రకటన చూసి ఫోన్ చేసినప్పుడు ముందుగా "మీరు ఎర్-కా-ఈ చెబుతారా, ఏ పుస్తకంతో?" అని అడగండి. వెంటనే పుస్తకం పేరు, స్థాయి చెప్పినవాళ్ళను పట్టుకోండి. "పుస్తకం ఎందుకు, ఊరికే మాట్లాడుకుందాం" అనేవాళ్ళు మీకు కాస్త వచ్చాక పనికొస్తారు, మొదట్లో కాదు.

ఒకేసారి నెల డబ్బు కట్టకుండా ముగ్గురి దగ్గర తలా ఒక నమూనా పాఠం తీసుకోండి. ఆ పాఠంలో ఒక ప్రశ్న వెయ్యండి: "ఇద్తీ", "ఖదీత్య్" రెండూ నడిచి వెళ్ళడమే కదా, తేడా ఏమిటి? శిక్షణ ఉన్న టీచరు వెంటనే కాగితం మీద ఒక బాణం గీస్తుంది, ఇప్పుడు ఒకవైపుగా వెళ్ళడానికి మొదటి మాట. రెండు తలల బాణం గీస్తుంది, రోజూ వెళ్ళి వస్తుండటానికి రెండో మాట. "అలా అంటాం అంతే" అని నవ్వేస్తే ఆవిడ భాష గొప్పగా వచ్చిన మనిషే, కానీ మీకు టీచరు కాదు. ఇంకో గమనింపు: పాఠంలో ఎవరు ఎంతసేపు మాట్లాడారు? గంటలో సగమైనా మీ గొంతు వినబడకపోతే అది ఉపన్యాసం. చాలామంది టీచర్లకు తమ ఇంగ్లీషు మెరుగుపరుచుకోవాలనే ఆశ కూడా ఉంటుంది, మీకు తెలియకుండానే పాఠం ఇంగ్లీషు కబుర్లలోకి జారిపోతుంది. వ్యాకరణం వివరించడానికి పది నిమిషాలు ఇంగ్లీషు, మిగతాదంతా రష్యన్ అని మొదటిరోజే మాట్లాడుకోవాలి.

పిలుపు విషయం. రష్యన్ టీచర్ని ఉత్త పేరుతో పిలవరు, పేరుకు తండ్రి పేరు చేర్చి "అన్నా పిత్రోవ్నా" అన్నట్టుగా పిలుస్తారు, "మీరు" అనే అర్థమున్న రూపం వాడతారు. కిర్గిజ్ టీచరయితే అక్కా అన్నట్టుగా "ఎజే" అనిపించుకోవడం ఇష్టపడవచ్చు. "కక్ క్ వామ్ అబ్రశ్శాత్సా?" అని అడిగేస్తే సరి, మిమ్మల్ని ఎలా పిలవమంటారు అని. మార్చి 8న మహిళా దినోత్సవానికి పువ్వులు తీసుకెళ్ళడం మర్యాద, బేసి సంఖ్యలోనే ఇవ్వాలి. సరిసంఖ్య పువ్వులు అంత్యక్రియలకు.

గంట అంటే ఎన్ని నిమిషాలు

ఫీజు దగ్గర మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అక్కడి బోధనలో "అకడమిక్ గంట" అంటే 45 నిమిషాలు. ఒకావిడ అకడమిక్ గంటకు 600 సోమ్‌లు (సోమ్ అక్కడి కరెన్సీ), ఇంకొకావిడ 60 నిమిషాలకు 750 సోమ్‌లు అడిగారనుకోండి. చవకగా కనబడే మొదటావిడ దగ్గర 60 నిమిషాలకు పడేది 800. "పారా" అన్నారంటే రెండు అకడమిక్ గంటలు, అంటే 90 నిమిషాలు. కాబట్టి ధర అడిగిన వెంటనే ఎన్ని నిమిషాలకని కూడా అడగండి. నాలుగు నుంచి ఎనిమిది పాఠాలకు మించి ముందుగా కట్టొద్దు. ఎన్ని గంటల ముందు చెబితే పాఠం రద్దవుతుంది, చెప్పకపోతే డబ్బు పోతుందా, టీచరు రాకపోతే ఆ పాఠం ఎప్పుడు చెబుతుంది, ఇవన్నీ వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా రాసి "సరే" అనిపించుకోండి. మొహమాటపడి వదిలేస్తే రెండో నెలలో ఇద్దరి మధ్యా మనస్పర్థలు వస్తాయి.

క్లాసులతో పాటు చదువుకునేవాళ్ళకు వారానికి మూడు "పారా"లు సరిపోతాయి. ఒక పాఠానికి కనీసం అంతే సమయం ఇంటి పని ఉండాలి. అది లేకుండా రోజూ వెళ్ళినా డబ్బు దండగ. మొదటి స్థాయి అయిన ఏ1 పూర్తవడానికి సుమారు 100 నుంచి 120 అకడమిక్ గంటలు పడుతుంది. వారానికి ఆరు గంటల లెక్కన నాలుగు, నాలుగున్నర నెలలు. "నెలలో గలగలా మాట్లాడిస్తాం" అనే ప్రకటనను అక్కడే వదిలెయ్యండి.

ఇద్దరు స్నేహితులు కలిసి చెప్పించుకుంటే ఖర్చు తగ్గుతుంది. ఇద్దరిదీ ఒకే స్థాయి అయితేనే చెయ్యండి. ఇద్దరూ తెలుగువాళ్ళయితే ఒకరి తప్పు ఇంకొకరికి తప్పుగా వినబడదు, ఆ సంగతి కూడా చూసుకోవాలి.

తెలుగు నోటికి రష్యన్ పలుకు

మొదటి రెండు వారాలూ అక్షరాలకు, పలుకుకే ఇవ్వండి. ఇక్కడ తెలుగు చాలా కలిసొస్తుంది, కానీ ఆ సంగతి టీచరుకు తెలియదు. మీకు తెలిస్తే చాలు.

రష్యన్ త, ద మన త, ద లాంటివే, పళ్ళకు నాలుక ఆనించి పలికేవి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చదివేవాళ్ళు "డా" అంటారు, "దా" అనాలి. ష, శ తేడా మనకుంది. వాళ్ళకు మొద్దుగా పలికే ష ఒకటి, సాగదీసి పలికే మెత్తని శ్శ ఒకటి, రెండూ వేర్వేరు అక్షరాలు. మాట్లాడేటప్పుడు రెంటినీ కలిపేసే అలవాటున్నవాళ్ళు ఇక్కడ జాగ్రత్తపడాలి. చ సంగతి ఇంకా ముచ్చటైనది. "చీమ"లోని చ వాళ్ళకొక అక్షరం, "చాప"లోని చ ఇంకో అక్షరం. చిక్కల్లా ఒకటే. తెలుగులో ఎ, ఇ ముందు చాపలోని చ రాదు, చీమలోని చ మాత్రమే వస్తుంది. రష్యన్‌లో మాత్రం "ధర" అనే మాటే చాపలోని చ తర్వాత ఎ అక్షరంతో మొదలవుతుంది. బజారులో రోజుకు పదిసార్లు వాడాల్సిన మాట అది, విడిగా సాధన చెయ్యండి.

మనకు లేని శబ్దాల్లో మొదటిది, ష పలుకుతూ గొంతు కలిపితే వచ్చేది. దీన్ని జ అనేస్తాం. జ అంటే నాలుక అంగిలికి తగులుతుంది, ఇది తగలకూడదు. ష్‌... అని సాగదీస్తూ మధ్యలో గొంతు మీద వేలు పెట్టి అదరడం మొదలయ్యేలా చూడండి, వచ్చేస్తుంది. అలాగే స్‌... అంటూ గొంతు కలిపితే ఇంకొకటి. మూడోది ఒక అచ్చు. ఉ అంటూ నాలుకను కదపకుండా పెదవులను మాత్రం ఈ అన్నట్టు పక్కలకు లాగాలి. ఇది రాకపోతే "ఉండటం", "కొట్టడం" అనే రెండు క్రియలూ మీ నోట ఒకటే అవుతాయి.

హల్లులకు మెత్తదనం, మొద్దుదనం అనే జతలుంటాయి. "బ్రాత్" అంటే అన్నో తమ్ముడో, చివరి త్ మెత్తబడి "బ్రాత్య్" అయితే తీసుకోవడం. "ఊగల్" మూల, "ఊగల్య్" బొగ్గు. మెత్తని త్య్, ల్య్, న్య్ తర్వాత అచ్చు ఉండదు, మనం అలవాటుగా ఒకటి అతికిస్తాం.

అసలు పెద్ద తప్పు కూడా అదే. బస్సు, కారు, డాక్టరు అన్నట్టు ప్రతి మాటకూ చివర ఉ తగిలించడం మనకు తెలియకుండానే జరిగిపోతుంది. రష్యన్‌లో ఆ ఉ ఒక విభక్తి. "బ్రాత్" అన్న, "బ్రాతు" అన్నకు. "వ్రాచ్" డాక్టర్, "వ్రచూ" డాక్టర్‌కు. "ఈయన మా అన్న" అనబోయి "ఈయన మా అన్నకు" అంటారన్నమాట. ఫోన్‌లో మీ గొంతు రెండు నిమిషాలు రికార్డు చేసి, హల్లుతో ముగిసే మాటల చివర ఉ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. వారం పాటు రోజూ చేస్తే తగ్గుతుంది. టీచర్ని కూడా ఈ ఒక్కదాని మీద కన్నేసి ఉంచమనండి.

ఇక ఊనిక. మాటలో ఏ అక్షరం మీద బలం పడుతుందో అది దీర్ఘంగా, స్పష్టంగా వినబడుతుంది, మిగతావి నలిగిపోతాయి. బలం పడని ఒ, అ అయిపోతుంది: రాతలో "మొలొకొ", పలికేది "మలకో". మన చెవికి దీర్ఘం, హ్రస్వం బాగా తెలుసు గనుక ఊనికను దీర్ఘంగా గుర్తుపెట్టుకోవచ్చు. అయితే ఒక మాటలో ఒక్క దీర్ఘమే ఉండాలి. "ప్లచూ" అంటే డబ్బు కడతాను, "ప్లాచు" అంటే ఏడుస్తున్నాను. బిల్లు కౌంటర్ దగ్గర రెండోది అంటే అమ్మాయి నవ్వుతుంది, అంతకు మించి నష్టం లేదు. పాఠ్యపుస్తకంలో ఊనిక గుర్తులుంటాయి గానీ పేపర్లలో, బోర్డుల మీద ఉండవు. అందుకే కొత్తమాట రాసుకునేటప్పుడే గుర్తు పెట్టి రాసుకోవాలి. గుర్తులేని మాట సగం నేర్చుకున్నట్టే.

నోట్‌బుక్‌లో రష్యన్‌ను తెలుగు లిపిలో రాసుకోవడం మొదటి రెండు వారాలతో ఆపేయండి. చేతిరాత కూడా అప్పుడే మొదలుపెట్టాలి. అచ్చు అక్షరాలకూ రాత అక్షరాలకూ పోలిక తక్కువ: రాతలో త ఇంగ్లీషు చిన్న ఎమ్‌లా, ద ఇంగ్లీషు చిన్న జీలా, ప చిన్న ఎన్‌లా ఉంటాయి. స్టేషనరీ దుకాణంలో "ప్రోపిసి" అని అడిగితే ఒకటో తరగతి పిల్లల కాపీరైటింగ్ పుస్తకం ఇస్తారు, ఏటవాలు గీతలుంటాయి. రోజుకొక పేజీ చాలు. రేపు కేస్ షీట్లు చదవాల్సినవాళ్ళకు ఇది తప్పదు.

ఇంగ్లీషు పక్కన పెట్టి తెలుగులోంచి వెళ్ళండి

టీచర్లు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో చెబుతారు. ఇంగ్లీషులో విభక్తులు లేవు, అందుకే వివరణ మెలికలు తిరుగుతుంది. మనకున్నాయి. "నేను స్టూడెంట్‌ని" అనడానికి మనకు క్రియ అక్కర్లేదు, రష్యన్‌కూ అక్కర్లేదు: "యా స్తుదెంత్". "నా దగ్గర పుస్తకం ఉంది" అంటాం, వాళ్ళూ అచ్చం అలాగే "ఉ మెన్యా యెస్త్య్ క్నీగా". నాకు చలిగా ఉంది, నాకు ఇరవై ఏళ్ళు, నాకు నచ్చింది, ఈ మూడింటిలోనూ మన "నాకు" ఉన్నచోటే వాళ్ళకు "మ్న్యే" వస్తుంది. అందుకని నోట్‌బుక్‌లో ఎడమవైపు రష్యన్ వాక్యం, కుడివైపు తెలుగు రాసుకోండి. ఇంగ్లీషు వద్దు.

విభక్తులు ఆరు. పట్టిక మొత్తం ఒక్కరోజులో బట్టీ పట్టించే టీచరు ఉంటే ఆపండి. ముందు "లో": బిష్కెక్‌లో ఉంటాను. తర్వాత "ని", అదే రూపం వెళ్ళే చోటికి కూడా: బిష్కెక్‌కి వెళ్తాను. "లో"కీ "కి"కీ ముందు వచ్చే చిన్నమాట ఒకటే, తేడా అంతా చివరి అక్షరంలో ఉంటుంది, కాబట్టి చివరలు గొణక్కూడదు. ఆ తర్వాత "లేదు" అనడానికి వాడే రూపం, తర్వాత "కు", చివరికి "తో". ఒక్కోదానికి వారం, పది రోజులు. వాక్యాలతోనే సాగాలి.

తెలుగు ఆదుకోని చోట్లు మూడు. ఒకటి లింగం: మనకు బల్లా, పుస్తకమూ, కిటికీ అన్నీ "అది", వాళ్ళకు బల్ల అతడు, పుస్తకం ఆమె, కిటికీ అది. చాలావరకు చివరి అక్షరాన్ని బట్టి తెలిసిపోతుంది. రెండు, "వెళ్ళు": మనకున్న ఒక్క మాటకు వాళ్ళు నడిచా, బండిలోనా, ఒకవైపా, రోజూనా అని నాలుగు వాడతారు. మూడు, క్రియల జంటలు. చదువుతుండటం, చదివెయ్యడం రెండు వేరే క్రియలుగా నేర్చుకోవాలి. "చదివాను", "చదివేశాను" మధ్య మనం పెట్టే తేడా కొంత దారి చూపిస్తుంది, అంతటా పొసగదు. ఈ మూడో దానికి నెలలు పడుతుంది, తొందరపడొద్దు.

వార్డు పాఠాలు

రెండో సెమిస్టరు నుంచి ప్రతి మూడో పాఠం వైద్యానికి కేటాయించమని అడగండి. టీచరు డాక్టర్ కానక్కర్లేదు, పేషెంటుగా నటిస్తే చాలు. మీరు డాక్టరుగా ప్రశ్నలు వెయ్యాలి: "ష్తో వస్ బిస్పకోయిత్?" ఏమిటి ఇబ్బంది, "గ్దే బలీత్?" ఎక్కడ నొప్పి, "దవ్నో?" చాలా రోజులనుంచా, "దిషీతె", "నె దిషీతె", ఊపిరి తీసుకోండి, బిగబట్టండి. ప్రశ్నలు వారంలో వచ్చేస్తాయి. కష్టమంతా జవాబు విని అర్థం చేసుకోవడంలో ఉంది. పేషెంటు "బలీత్" అని ఊరుకోదు. "నోయెత్" అంటే సలుపుతోంది, "కోలెత్" అంటే పొడుస్తోంది, "దావిత్" అంటే నొక్కేస్తున్నట్టుంది, మండుతోందనడానికి ఇంకొకటి. గుండె దగ్గర చెయ్యి పెట్టుకుని "దావిత్" అంటే మీరు ఒకలా ఆలోచించాలి, "కోలెత్" అంటే ఇంకోలా. మనం "నాకు బీపీ ఉంది" అన్నట్టే వాళ్ళు "ఉ మెన్యా దవ్లేనియె" అంటారు. వికారానికి మాత్రం "నాకు" పనిచెయ్యదు, "నన్ను" వస్తుంది: "మెన్యా తష్నీత్".

టీచరు చేత ఒకే ఫిర్యాదును మూడు రకాలుగా, వేగంగా, మధ్యలో సంబంధం లేని కబుర్లు కలిపి చెప్పించండి, ఒప్పుకుంటే రికార్డు చేసుకుని మళ్ళీ వినండి. పల్లెలనుంచి వచ్చే వృద్ధులకు రష్యన్ అంతగా రాకపోవచ్చు. కిర్గిజ్ టీచరయితే ఇవే ప్రశ్నలు కిర్గిజ్‌లోనూ రాయించుకోండి, ఇరవై వాక్యాలైనా సరే.

ఆగిపోయే చోటు

ఆరేడు నెలలకు కూరగాయలు కొనడం, టాక్సీ, ఇంటి ఓనరుతో మాటలు నడిచిపోతాయి. సరిగ్గా అక్కడే చాలామంది ట్యూషన్ మానేస్తారు, లేదా పాఠం వారం కబుర్లతో సరిపెట్టుకుంటారు. విభక్తులు తప్పయినా కూరగాయలమ్మాయికి అర్థమవుతుంది గనుక తప్పులు గట్టిపడిపోతాయి. దీనికి మందు: పాఠం మొదట్లో ఒక ఫోటో చూపించి ఐదు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. టీచరు మధ్యలో దిద్దకూడదు, తప్పులు కాగితం మీద రాసుకోవాలి. తర్వాత వాటిలో మూడు మాత్రమే తీసుకుని సాధన. మూడుకు మించితే ఏదీ నిలవదు. ఆ కాగితాలు దాచుకుని నెలకోసారి చూడండి, అవే మూడు మళ్ళీ మళ్ళీ వస్తుంటే పాఠ్యపుస్తకంలో ఆ అధ్యాయానికి వెనక్కి వెళ్ళాల్సిందే.

పరీక్ష విషయం క్లుప్తంగా. రష్యాలో రష్యన్ మాధ్యమంలో పై చదువు చదవాలనుకునేవాళ్ళకు "తె-ఎర్-కా-ఈ" అనే, విదేశీయులకు పెట్టే రష్యన్ భాషా పరీక్ష పనికొస్తుంది. అందులో పదజాలం-వ్యాకరణం, చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని ఐదు భాగాలుంటాయి, పాసవడానికి భాగానికి 66 శాతం. పదాల లెక్క ఏ1కు 780, ఏ2కు 1300, బీ1కు 2300. భారత్‌కు తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టేవాళ్ళకు సర్టిఫికెట్‌తో పని లేదు, ఆ డబ్బు ఇంకో పది పాఠాలకు పెట్టుకోండి.

జనవరి మొదటి వారం, మార్చి 21న నౌరూజ్ పండుగ, మే 9 విజయ దినోత్సవం, వీటి చుట్టూ పాఠాలు పడవు. జులై, ఆగస్టుల్లో చాలామంది టీచర్లు ఇస్సిక్-కుల్ సరస్సుకు వెళ్ళిపోతారు. సెప్టెంబరులో చదువులు మొదలయ్యాక మంచి టీచర్ల సాయంత్రాలు త్వరగా నిండిపోతాయి, ఆగస్టు చివర్లోనే సమయం ఖాయం చేసుకోవాలి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు పాఠాలు ఆపక్కర్లేదు. బిష్కెక్ మనకన్నా అరగంటే ముందు, కాబట్టి సాయంత్రం ఏడింటి పాఠం గుంటూరులో ఉన్నా, వరంగల్‌లో ఉన్నా ఆరున్నరకు పడుతుంది. వారానికి ఒక్కటైనా సాగించండి, రెండు నెలలు పూర్తిగా వదిలేస్తే తిరిగి వెళ్ళాక మొదటి నెలంతా పాతది తవ్వుకోవడానికే సరిపోతుంది.